మంచి ఎదురు

పోయిన వారం పద్మలత టీచర్‌ను మూసిన తలుపు ముందు నిలబెట్టి ఆపేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

రాగులకుంట హైస్కూల్లో ఆమె జీవశాస్త్రం చెప్తుంది. తలుపు వెనక ఉన్నది తొమ్మిదో తరగతి రజిత. ఆ పిల్ల నెల రోజులు బడికి ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత పన్నెండు రోజుల నుంచి అసలే రాలేదు. తెల్లవారకముందు ఇండ్ల వెనక దొడ్డి తొవ్వన గడ్డికి పోయి వస్తుంది, అంతే. మిగతా పొద్దంతా ఇంట్లోనే. తల్లిదండ్రులు భూపాలపల్లిలో ఉంటారు. తండ్రిది బొగ్గు గనిలో కాంట్రాక్టు పని. ఇక్కడ పిల్లను చూసుకునేది తాత సోమనర్సయ్య. గాలి సోకిందని ఆయన పిల్లకు దారం కట్టించాడు. ఫలితం లేకపోయింది. సోమవారం దంతాలపల్లిలో మేనత్త ఇంటికి తోలేస్తామని, అక్కడ పత్తి ఏరుకుంట ఉంటదని, బడిలో పేరు కొట్టెయ్యమని టీచర్‌కు చెప్పేశాడు. ఇవాళ శనివారం.

టీచర్ ఇక చేసేది లేక చెప్పులు తొడుక్కుంటుంటే తలుపు వెనక నుంచి రజిత గొంతు వినబడింది.

“టీచర్, మీరు సందు దాటినంక తలుపు తీస్త. మీరు పొయ్యేటప్పుడు నేను ఎదురు రావద్దు.”

ఇంట్లో వాళ్లకు తెలిసినంతవరకు, పన్నెండు రోజుల్లో ఆ పిల్ల బయటి మనిషితో అన్న మొదటి మాట అది.

టీచర్ చెప్పులు మళ్లీ విడిచింది. వాకిట్లోకి వచ్చి, చిక్కుడుకాయలు గిల్లుతున్న విజయ పక్కన పీట మీద కూర్చుంది. విజయ రజితకు చిన్నమ్మ.

“నేను పోతలేను రజితా,” అంది టీచర్. “ఎదురు పొయ్యేటోళ్లకు గద. కూసున్నోళ్లకు ఎదురేంది?”

విజయ పళ్లెంలోంచి ఒక కాయ తీసుకుంది.

“ఇగో, కూసున్న. చిక్కుడుకాయ చేతిల వట్టిన. ఆఖరి ఆటో దాక లెవ్వ.”

కొంచెం సేపటికి గొళ్లెం కదిలింది. రజిత గోడ పట్టుకుని బయటికి వచ్చింది. టీచర్‌ను చూడలేదు. ముందు సందులోకి చూసింది. ఎవరన్నా బయలుదేరుతున్నారేమో అని ఇటు కొస, అటు కొస చూసింది. ఎవరూ లేరని నమ్మకమయ్యాక వచ్చి చిన్నమ్మ వెనక కూర్చుంది.

బడిలో వంట చేసే సత్తమ్మ ఒకసారి పద్మలతతో అంది, “మొకంల మొకం వెట్టి అడిగితె పోరగాండ్లు చెప్తరా టీచరమ్మా? పోలీసోళ్లు గూడ చాయ్ తాపి అడుగుతరు. చేతికింత పనియ్యి, నోరు దానంతటదే నడుస్తది.” జనగామలో పిల్లల మనసుల మీద జరిగిన మూడు రోజుల ట్రైనింగులో రాసుకున్న నోట్సు కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ సార్లు పనికొచ్చింది. పిడికెడు చిక్కుడుకాయలు తీసి రజిత ఒళ్లో పోసింది. తాను ఒక కాయ ఈనె తీస్తూ, కాయనే చూస్తూ అడిగింది.

“ఎన్నేండ్ల సంది వస్తున్నవ్ ఎదురు?”

“నాలుగేండ్ల పిల్లప్పటి సంది.”

అరుగు మీద కూర్చున్న సోమనర్సయ్య అందుకున్నాడు. “నేను పత్తి బండి కట్టుకొని జనగామకు బయలెల్లిన. గింత పిల్ల, చెంబుల నీళ్లు వట్టుకొని నవ్వుకుంట ఎదురొచ్చింది. ఆ యేడు నాకెంత గలిసొచ్చిందో ఊరందరికి ఎరుకే. గప్పటి సంది అందరు మా పిల్లనే అడుగుతరు. గది ఇజ్జత్ గాదా టీచరమ్మా?”

“ఎన్ని గంటలకు లేస్తవ్ రజితా?”

“నాలుగున్నరకు. పత్తి అమ్మే దినాలల్ల ఇంక ముందే. దర్వాజ కాడ నిలవడి పిలుస్తరు. రజితా, జర ఎదురు రా బిడ్డా, దవాఖానకు పోతున్నం. రజితా, పిల్లను సూసుకునేటందుకు వస్తున్నరు. రజితా, పిలగానికి పరీక్ష ఉన్నది. నేను మొకం కడుక్కొని, చెంబు నింపుకొని సందు కొసకు పోయి, ఆడికెల్లి నడుసుకుంట వస్త.” కాయ ఈనె ఒక్క గుంజుడుకు తీసింది. “నవ్వుకుంట రావాలె. నవ్వకపోతే మల్ల రమ్మంటరు.”

విజయ తల ఎత్తకుండా ఉంది. వాకిట్లో రేకుల కింద మంచం మీద ఆమె పెనిమిటి తిరుపతి పడుకుని ఉన్నాడు. రజితకు చిన్నబాపు. కుడికాలుకు తొడదాకా సిమెంటు పట్టీ. అతను ఫోను చూస్తున్నట్టు ఉన్నాడు గానీ ఫోను వెలుగు ఎప్పుడో ఆరిపోయింది.

“చిన్నబాపు కాలు ఇరిగిన దినం గూడ నేనే ఎదురొచ్చిన,” అంది రజిత.

అంతే అంది. మిగతాది టీచర్ కొంచెం కొంచెం అడిగి తెలుసుకుంది. బతుకమ్మ పండుగైన వారానికి తిరుపతి బండి మీద జనగామకు పోయాడు. రాత్రికి దవాఖానలో ఉన్నాడు. చూడవచ్చిన వాళ్లందరూ ఎట్లయిందని అడిగితే, ‘ఏమో, పొద్దుగాల రజిత ఎదురొస్తేనే బయలెల్లిన, గిట్లయింది’ అన్నాడు. కాలు పట్టీ ఆరకముందే ఆ మాట ఊరు చేరింది.

“మర్నాడు వెనకింటి అవ్వ మూట వట్టుకొని బయలెల్లింది. నేను పాలు దెస్తున్న. నన్ను సూసి ఇంట్లకు మర్రిపోయింది. కూసున్నది, నీళ్లు తాగింది, నేను పోయిన్నో లేదో తొంగి సూసి మల్ల బయలెల్లింది. నేను గోడ మూలకు నిలవడి అంతా సూసిన టీచర్. గా అవ్వ ముందు వారమే నన్ను నిద్రలకెల్లి లేపుకపోయింది.”

అప్పటి నుంచి రజిత ఊరందరూ పనులకు పోయేదాకా ఆగి, దొడ్డి తొవ్వన బడికి వచ్చేది. ఎవరి తొవ్వకూ అడ్డం పోకూడదని.

“పరీక్ష దినం ముందే వచ్చిన,” అంది. “బాత్రూముల వెనక నిలవడ్డ. నేను ఎదురైతె అందరు ఫెయిలైతరు గద. అందరు లోపలికి పోయినంక, గంట కొట్టినంక వచ్చిన. రానియ్యలే.”

టీచర్ చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

“ఆ దినం తలుపు కాడ ఉన్నది నేనే.”

“మీరే టీచర్.”

“ఎందుకు లేటయిందని అడిగిన.”

“అడిగిండ్రు. నేను చెప్పలే.”

“నువ్వు చెప్పేదాక నేను ఆగలే,” అంది పద్మలత. ఆ మాట రజితతో అన్నదో, తనతో అనుకున్నదో. “సోమవారం హెడ్‌మాస్టర్ సారు కాడికి నేను పోయి చెప్త. నీ పరీక్ష మల్ల వెట్టాలె. తప్పు నాదని చెప్త.”

సోమనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

“అంటే ఏందమ్మా? ఎదురనేది అబద్ధమంటవా? మా తాతల సంది నమ్ముతున్నం.”

“నేనట్ల అనలే బాపూ. మా అమ్మ ఇప్పటికీ నన్ను ఆటో ఎక్కిచ్చే ముందు సందుల ఎవలన్న ఉన్నరా అని సూస్తది. నాకు ఒక్కటే కావాలె. ఆ దినం ఏమైందో మొదటికెల్లి వినాలె. పడ్డ మనిషి ఈడనే ఉన్నడు గద.” మంచం వైపు తిరిగింది. “ఏం పని మీద పోయినవ్ తిరుపతన్నా?”

“మోటరు కాలింది. వైండింగుకు తీస్కపోయిన.”

“వస్తుంటే పడ్డవా?”

“ఆఁ. ఊరి బయటి మోరీ వంతెన కాడ.”

“మోటరు బండికి కట్టి ఉన్నదా?”

“ఉండకేం. దాని కోసమే గద పోయింది.”

“అంత బరువు మోటరు మీదికెల్లి పడితె పలిగి ఉంటది పాపం.”

విజయ గిల్లడం ఆపింది. ఒళ్లో పళ్లెం పక్కకు పెట్టింది.

“మోటరేం పలుగలే టీచర్,” అంది. “మంచిగనే నడుస్తున్నది. మర్నాడు దవాఖానకెల్లి వచ్చి బాయి కాడికి పోతె మోటరు బిగిచ్చి ఉన్నది. మిరప సాళ్లకు నీళ్లు వారి ఉన్నయ్. ఎట్లనయ్యా అని అడిగితె, పడ్డ కాడికి మెకానిక్కు వచ్చి ఏస్కపోయి బిగిచ్చిండు అన్నవు గద నువ్వు?”

“అన్న.”

“ఎవలా మెకానిక్కు?” అడిగాడు సోమనర్సయ్య. ముసలాయన గొంతు మారింది. “నలభై ఏండ్ల సంది మోటర్లు నేనే మోస్తున్న. వైండింగు చేసెటోడు దుకాణం ఇడిసి ఎన్నడన్న బాయిలకు దిగిండారా?”

తిరుపతి ఫోను బోర్లించి పెట్టాడు. తండ్రిని చూశాడు, పెండ్లాన్ని చూశాడు. రజితను మాత్రం చూడలేదు.

“నేనే బిగిచ్చిన.”

“ఎప్పుడు?”

“ఆ దినమే. పన్నెండుకల్లా జనగామకెల్లి వచ్చిన. ఏం గాలే. మంచిగ వచ్చిన. సీదా బాయి కాడికి పోయి మోటరు దింపి బిగిచ్చిన. స్విచ్చెయ్యంగనే నీళ్లు వోసింది.” ఆగాడు. “గప్పుడు ఫోనచ్చింది. మామిడి తోట కాడ నలుగురు కూసున్నరు, రమ్మని.”

“పత్తాలకు,” అంది విజయ.

తిరుపతి తల వంచుకున్నాడు. ఉగాది నాడు చిల్పూరు గుట్ట మీద, బుగులు వెంకటేశ్వర స్వామి ముందు, పెండ్లాం నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు, ఇక పేకముక్క ముట్టనని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

“మాపటీలి ఆడికెల్లే వస్తున్న. మోరీ కాడ మల్ల ఫోను మోగింది. ఒక చేత్తోని తీసి సూస్తున్న. గంతే.”

“మామిడి తోటకు పొయ్యేటప్పుడు రజిత ఎదురొచ్చిందా?” అడిగింది టీచర్.

“లే.”

“తోటకెల్లి అచ్చేటప్పుడు?”

“లే.”

“మరి ఎవలొచ్చిండ్రయ్యా ఎదురు?” అంది విజయ.

తిరుపతి పట్టీ మీది గీతలు చూశాడు.

“బర్రె,” అన్నాడు.

ముందు రజిత నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వని టీచర్‌కు వెంటనే తెలియలేదు. పిల్ల మోకాళ్లలో మొహం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వి నవ్వి, అదే ఊపులో ఏడ్చింది. విజయ దాన్ని దగ్గరికి గుంజుకుని వీపు రాస్తూ, మంచం వైపు చూసింది.

“నలభై దినాలు. పిల్ల తిండి తినకుండ ఎండిపాయె. దారాలు గట్టిచ్చినం, సాంబ్రాణి ఏసినం. నువ్వు గీ మంచంల వండుకొని సూసుకుంట ఉన్నవ్.”

“ఒక్క మాటన్న విజయా. గింత దూరం పోతదనుకోలే.”

“పోయినంక ఇంకొక్క మాట అనకపోతివి?”

“అంటె ఒట్టు సంగతి బయటపడ్తది గద.”

“ఒట్టు నా నెత్తి మీద ఏసినవ్. పడ్డది దాని నెత్తి మీద.” ఆ రాత్రి విజయ అన్న మాటలు వేరే ఉంటాయి. అవి మనకు అక్కరలేదు.

సోమనర్సయ్య ఇంతలో లేచి నిలబడ్డాడు. ఆయన మొహం వికసించింది. నలభై రోజుల తర్వాత పోయిన ఇజ్జత్ ఇంటికి వచ్చినట్టు ఉంది.

“గట్లయితె మా పిల్ల ఎదురు మంచిదే!” అన్నాడు. “సూసినవా టీచరమ్మా? ఎదురొచ్చింది, మోటరు బాగైంది, నీళ్లు వోసింది! రేపు పొద్దుగాలనే సందుల నిలవడి అందరికి చెప్త. మల్ల ఎప్పటి తీర్గనే...”

“నాకొద్దు తాతా.”

రజిత మొహం తుడుచుకుంది. గొంతు ఇంకా తడిగానే ఉంది గానీ మాట తడబడలేదు.

“మోటరు బాగు చేసింది వైండింగు చేసినాయన. నేనేం చేసిన? చెంబు వట్టుకొని నడిసిన. కాలు ఇరుగుడు నా తోని గాదంటె, నీళ్లు వోసుడు గూడ నా తోని గాదు. నాకు చెడ్డెదురు వద్దు, మంచెదురు వద్దు.”

“అదేంది బిడ్డా, ఊరంత...”

“నేను ఆరు గంటలదాక పండుకుంట తాతా.”

మనుమరాలిని ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. దాని కళ్ల కింద నలుపు ఇవాళే కనబడింది. నిలబడ్డవాడు మెల్లగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“దంతాలపల్లి అత్తకు ఫోను చేసి రాదని చెప్త,” అన్నాడు చివరికి.

“పొద్దుగాల ఎవలన్న పిలువస్తె?” అడిగింది విజయ.

“పండుకున్నదని చెప్త.”

“మరీ అడిగితె?”

“అంత జరూరుంటె నేనే ఎదురొస్త, రమ్మను.”

ఈసారి తిరుపతి కూడా నవ్వాడు. విజయ చూసేసరికి ఆపుకున్నాడు.

పద్మలత మెల్లగా ఇంకో మాట కదిపింది. జనగామలో పిల్లలతో మాట్లాడే ఒక మేడం తనకు తెలుసునని, ఒకటి రెండు సార్లు రజితను తీసుకుపోతే బాగుంటుందని. సోమనర్సయ్యకు కోపం వచ్చింది.

“మా పిల్లకు పిచ్చేం లేదు.”

“లేదు బాపూ. కాలు ఇరిగితె పట్టీ ఏపిచ్చినం. ఆ దినం పడ్డది తిరుపతన్న ఒక్కడే గాదు గద.”

ఆయన వద్దనలేదు. ఆ మనిషిని తెలిసినవాళ్లకు అది చాలు.

పొద్దు వాలుతోంది. ఐదున్నరకు పాలకుర్తికి ఆఖరి ఆటో. టీచర్ లేచి చెప్పులు తొడుక్కుంది. రజిత కూడా లేచింది. ఎదురు పోవాలా, వెనక ఉండాలా తెలియక గడప దగ్గర ఆగింది.

“పక్కన నడువు,” అంది టీచర్.

ఇద్దరూ సందులోకి దిగారు. మూల మీద ఒకాయన పాల క్యాను బండికి తగిలించుకుని బయలుదేరబోతున్నాడు. రజిత కాలు ఒక్కసారి వెనక్కి పడింది. పిల్ల ఊపిరి పీల్చుకుని, ఆయన ముందు నుంచే నడిచి దాటింది. ఆయన ఒక చూపు చూసి, బండి స్టార్టు చేసుకుని పోయాడు. ఇంట్లోకి మర్రి పోలేదు. రజిత వెనక్కి తిరిగి, బండి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఆ పిల్ల నడకే మారింది. తప్పిన పరీక్షల్లో ఏది ముందు పెడతారని అడిగింది. లెక్కలైతే నాలుగో పాఠం అర్థం కాలేదంది. తనకు లెక్కలు రావని టీచర్ అంటే నోరు మూసుకుని నవ్వింది.

ఆటో ఆగే చోటికి ఇంకా వంద అడుగులుండగా రజిత నిలబడింది. ఎడమ పక్క పొలాల గట్టు మొదలవుతుంది.

“టీచర్, మీరు దొడ్డి తొవ్వన ఎన్నడన్న అచ్చిండ్రా?”

“లేదు. ఎందుకు?”

“నేను నెల దినాలు గట్లనే వచ్చిన గద. గోవర్ధన్ పటేలు వాళ్ల బాయి షెడ్డు పొంటి. బడి ఇడిసినంక మర్రి పొయ్యేటప్పుడు ఆడ రోజూ శ్రేయక్క కూసునేది.”

శ్రేయ పదో తరగతి. బడి మొత్తానికి ఫస్టు. ఆమె తండ్రి గోవర్ధన్ బడి కమిటీకి పెద్ద. పిల్లల మనసులు గినసులు అనుకుంట టైం ఖరాబు చెయ్యొద్దు, ర్యాంకులు చూడుండ్రి అని దసరా ముందు మీటింగులో పద్మలతను అందరి ముందు అన్నది ఆయనే.

“చదువుకుంటుండెనా?”

“ఒళ్ల బుక్కు ఉండేది. నేను రోజూ సూసిన టీచర్. రోజూ గదే పేజీ.” రజిత గట్టు వైపు చూస్తూ చెప్తోంది. “ఎవలకు చెప్పద్దని నాతోని మాట తీసుకున్నది. నేను ఎదురైతనని వెనకకు జరిగితె, రావే, ఇగ నాకేమైతది అన్నది.”

“ఎప్పుడన్నది?”

“మొన్న. ఇయ్యాల పొద్దుగాల గడ్డికి పోతె మల్ల ఉన్నది. ఇయ్యాల బుక్కు లేదు. తన గడియారం ఇప్పి నా చేతికి వెట్టింది. నీకుండనియ్ రజితా, నాకు పనిలేదు అన్నది.” పిల్ల జేబులోంచి తీసింది. చిన్న గడియారం, ఎర్ర బెల్టుది. “మంచిది గద టీచర్, ఊకెనే ఎందుకిచ్చింది? శ్రేయక్క ఇయ్యాల బడికొచ్చిందా?”

పొద్దున పదో తరగతి హాజరు తీసింది పద్మలతే. శ్రేయ పేరు పిలిస్తే, జ్వరమట టీచర్ అని ఎవరో అన్నారు. ఆమె ఒక గీత పెట్టి తర్వాతి పేరుకు పోయింది. తన వస్తువులు పంచిపెట్టే పిల్లను ఒంటరిగా వదలొద్దని ట్రైనింగు నోట్సులో రాసుకున్నది ఇప్పుడు గుర్తొచ్చింది.

ఫోను తీసి శ్రేయ తల్లి సరళకు కలిపింది. రెండో రింగుకే ఎత్తింది.

“శ్రేయకు జ్వరం ఎట్లున్నది సరళక్కా?”

“జ్వరమేంది టీచర్?” అంది సరళ. వెనక టీవీ మోగుతోంది. “బడికే పోయింది గద. సాయంత్రం క్లాసు ఉన్నదన్నది. మీ కాడ లేదా?”

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఇదే ఆఖరుదని అరిచాడు. పద్మలత చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు ఎక్కింది. “షెడ్డు కాడికి రా అక్కా. ఇప్పుడే రా. పటేలును గూడ తోలుకొని రా,” అని ఫోనులో చెప్తూనే నడిచింది. పత్తి చేను దాటితే షెడ్డు రేకులు కనబడ్డాయి. దాని ముందు శ్రేయ సైకిలు గోడకు ఆనించి ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది.

“శ్రేయక్కా!” అని రజిత కేక పెట్టింది. జవాబు కోసం ఆగలేదు. టీచర్‌ను దాటి ముందుకు ఉరికింది.